ఒకే పలకలో ఆకూ, చిప్పా

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

శిలాజాలు మన వైపు ఎక్కడ దొరుకుతాయి, దొరికితే ఎలా దాచుకోవాలి అని అడిగారు. రెండో ప్రశ్న అడిగినందుకు ఎక్కువ సంతోషం. దాచడం తెలియకుండా వెతకడానికి వెళ్తే, కోట్ల ఏళ్లు మట్టి కాపాడినదాన్ని ఒక్క సాయంత్రంలో పాడుచేసి వస్తాం.

ముందు శిలాజాన్ని మరిచిపోయి రాయిని చూడటం నేర్చుకోండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మీకు తెలుసు కదా, నల్లటి రాతిలో ఇత్తడి రంగు చుక్కలు మెరుస్తుంటాయి. ఆ రాయి ఒకప్పుడు భూమి లోతుల్లో కరిగి ఉన్న ద్రవం, మెల్లగా చల్లారి గట్టిపడింది. అంత వేడిలో ఆకు గానీ చిప్ప గానీ మిగలదు. గూడూరు వైపు అభ్రకం దొరికే రాళ్లూ అంతే. అభ్రకం రేకుల మధ్య ఆకులాగా కనిపించే నల్లటి, ఎర్రటి మచ్చలు ఖనిజాలే. ఈ రెండు చోట్లా ఎన్నాళ్లు వెతికినా మీకు దొరికేది ఎండదెబ్బే.

మార్కాపురం పలకలు మాత్రం గట్టివాళ్లనే మోసం చేస్తాయి. బళ్లో రాసుకునే పలకలు చేసిన రాయి అదే. నల్లగా, నున్నగా, పొరలు పొరలుగా విడుతుంది కాబట్టి శిలాజాలకు ఇంతకన్నా మంచి చోటు ఉండదనిపిస్తుంది. పైగా విడగొట్టిన పొర మీద ఒక్కోసారి అచ్చం ఫెర్న్ మొక్కలాంటి నల్లటి బొమ్మ కనిపిస్తుంది. కానీ ఆ రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. చిప్పలున్న జంతువులు సముద్రంలో విరివిగా కనిపించడం మొదలై 54 కోట్ల ఏళ్లే అయింది, నేల మీద మొక్కలు అంతకన్నా తర్వాత వచ్చాయి. ఇంకా పుట్టని మొక్క ఆ పలకలో ఉండే వీలే లేదు. మాంగనీసు కలిసిన నీళ్లు సన్నని పగుళ్లలోకి ఇంకి ఆరినప్పుడు, కిటికీ అద్దం మీద ధూళి నీరు పాకినట్టు కొమ్మలు కొమ్మలుగా పాకి ఆ బొమ్మ వేస్తాయి. దీన్ని డెండ్రైట్ అంటారు. నిజమైన ఆకుకు నడిమి ఈనె ఉంటుంది, పక్క ఈనెలు ఒక క్రమంలో ఉంటాయి, అంచు ఒకచోట ఆగిపోతుంది. డెండ్రైట్‌కు నడిమి ఈనె ఉండదు, పగులు అంచు దగ్గర మొదలై లోపలికి పాకుతుంది. భూతద్దం పట్టి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

అంత పాత రాళ్లలో అసలు జీవమే లేదని కూడా అనుకోకండి. కడప జిల్లాలో వేంపల్లె దగ్గరి రాళ్లలో, అడ్డంగా కోసిన ఉల్లిపాయలాగా పొరలు చుట్టుకున్న గుబ్బలు ఉంటాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. కంటికి కనపడని సూక్ష్మజీవులు జిగురు చాపలాగా పరుచుకుని, వాటి మీద సున్నపు మట్టి పేరుకుని, మళ్లీ వాటి మీదికి జీవులు పాకి, అలా కట్టిన గుబ్బలవి.

ఇక అసలు చోటుకు వద్దాం. ఒంగోలు ప్రాంతంలో వేమవరం, బూదవాడ, పావులూరు అనే ఊళ్ల పేర్లు భూగర్భ శాస్త్రవేత్తలకు బాగా తెలుసు. బూదవాడ ఇసుకరాయి, వేమవరం షేల్, పావులూరు ఇసుకరాయి అని అక్కడి పొరలకే ఆ ఊళ్ల పేర్లు పెట్టారు. షేల్ అంటే సన్నటి ఒండ్రుమట్టి పొరలు పొరలుగా గట్టిపడిన మెత్తని రాయి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ తీరమంతా తిరిగి, ఇక్కడి రాళ్ల వివరాలు 1879లో ప్రచురించాడు. ఆ ఏడాదే మొక్కల శిలాజాల నిపుణుడు ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ ఇక్కడి ఆకుల శిలాజాలను బొమ్మలతో సహా వర్ణించాడు.

వేమవరం షేల్ వయసు సుమారు 12 నుంచి 13 కోట్ల ఏళ్లు. అప్పుడు మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడివడుతోంది. విడిపోయిన సందులోకి సముద్రం వస్తోంది. ఆ పొరల్లో ఎక్కువగా కనిపించే ఆకు టిలోఫిల్లమ్. నడుమ ఒక కాడ, రెండు వైపులా దువ్వెన పళ్లలాగా సన్నని రేకులు. శేషాచలం కొండల్లో పెరిగే పేరిత మొక్క మట్టను చూసినవాళ్లకు ఇది తెలిసిన ఆకే అనిపిస్తుంది. చూపులకు పోలికే గానీ చుట్టరికం దగ్గరిది కాదు, టిలోఫిల్లమ్ జాతి మొత్తం అంతరించిపోయింది.

నాకు వీటన్నిటికన్నా అపురూపంగా తోచేది ఒకటుంది. ఆ నేలమొక్కల ఆకులున్న షేల్‌లోనే అమ్మోనైట్లూ ఉన్నాయి. అమ్మోనైట్ ఉప్పునీటి సముద్రంలో ఈదిన జంతువు. ఆకు ఏటి నీటిలో కొట్టుకొచ్చింది, చిప్ప సముద్రంలోంచి అడుగుకు దిగింది, రెండూ ఒకే బురదలో పడుకున్నాయి. అంటే ఆనాటి ఒడ్డు అక్కడికి దగ్గరలోనే ఉంది. కొత్తపట్నం దగ్గరో మైపాడు దగ్గరో ఇవాళ మనం నిలబడే ఒడ్డుకు లోపలగా, అప్పటి ఒడ్డు ఎక్కడుందో ఒక ఆకూ ఒక చిప్పా కలిసి చెబుతున్నాయి. వాటిని వేర్వేరుగా ఏరుకుని వేర్వేరు పెట్టెల్లో వేసుకుంటే ఆ సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. ఈ ఉత్తరంలో తక్కినవన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

అమ్మోనైట్‌ను మీలో చాలామంది దేవుడి గూట్లో చూసే ఉంటారు. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే సాలగ్రామంలోని చక్రం అమ్మోనైట్ ముద్రే. హిమాలయాలు లేవక ముందు అక్కడ సముద్రం ఉండేది. ఆ చుట్టలో లోపల గోడలు కట్టిన గదులుంటాయి. జంతువు అన్నిటికన్నా పెద్దదైన చివరి గదిలో ఉండేది, వెనక గదుల్లో గాలి నింపుకుని నీళ్లలో తేలేది. స్క్విడ్, ఆక్టోపస్ దాని చుట్టాలు. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట, పెద్ద డైనోసార్లు పోయిన కాలంలోనే ఇవీ పోయాయి. నత్తగుల్లతో పొరబడకండి. నత్త చుట్ట గోపురంలా పైకి లేస్తుంది, లోపల గోడలుండవు. అమ్మోనైట్ చాలావరకు జంతికలాగా ఒకే మట్టంలో చుట్టుకుంటుంది. షేల్‌లో దొరికేవి పైనున్న మట్టి బరువుకు అణిగి, అప్పడంలా పలచబడి ఉంటాయి, సాలగ్రామంలా గుండ్రంగా ఉంటుందని వెతికితే కళ్లముందున్నదాన్నే దాటిపోతారు.

పురుగుల శిలాజాలు అరుదు. పురుగు ఒంట్లో ఎముక లేదు, చచ్చిన మరునాటికి చీమలు ఎత్తుకుపోతాయి. ఆదిలాబాద్ వైపు ప్రాణహిత, గోదావరి లోయలో కోటా సున్నపురాళ్లలో చేపలతోపాటు పురుగుల అవశేషాలూ దొరికాయి. అంతకన్నా అందంగా దొరికే చోటు మరొకటుంది. సాంబ్రాణితోపాటు పొగ వేసే గుగ్గిలం చూశారు కదా, అది గుగ్గిలం చెట్టు బంక. ఆ కుటుంబం చెట్లే కార్చిన బంక గుజరాత్‌లో 5 కోట్ల ఏళ్లకు పైగా నేలలో ఉండి అంబర్‌గా మారింది. అక్కడి లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) గనుల్లోంచి తీసిన అంబర్‌లో 700కు పైగా పురుగులు, సాలీళ్లవంటి జీవులు ఉన్నాయని 2010లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన కొండల్లోని తంబజాలారి కూడా ఆ కుటుంబం చెట్టే. దాని బంకలో ఇరుక్కున్న చీమను ఒకసారి వంగి చూడండి.

చిప్ప రాయిలో ముద్రగా ఎలా మిగులుతుందో ఇంట్లోనే చేసి చూడొచ్చు. వినాయకచవితి బొమ్మకు వాడే బంకమట్టి రెండు వేళ్ల మందాన పరచండి. ఆల్చిప్పకు కొబ్బరినూనె పలచగా రాసి, మట్టిలోకి నిలువుగా అదిమి, నిలువుగానే పైకి తీయండి. పక్కకు లాగితే అంచు చెరుగుతుంది. మిగిలిన గుంట అచ్చు. పాత గిన్నెలో ఒక కప్పు నీళ్లు పోసి, రెండు కప్పుల ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కొద్దికొద్దిగా చల్లుతూ కలపండి. పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. మజ్జిగ చిక్కదనానికి రాగానే అచ్చులో పోసి, పళ్లెం అంచును నాలుగైదుసార్లు తట్టండి, బుడగలు పైకి వస్తాయి. తట్టకపోతే చిప్ప గీతలున్న చోట బుడగలు నిలిచి గుంటలు పడతాయి. అరగంటలో గట్టిపడుతుంది, అయినా మర్నాటిదాకా కదపకండి. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ బాగా వేడెక్కుతుంది కాబట్టి అందులో వేలు గానీ చెయ్యి గానీ పెట్టి ఉంచకూడదు. మిగిలినదాన్ని తూములో పోయకండి, అక్కడే రాయవుతుంది. బయటికి వచ్చినది పోత. రాతిలోనూ ఇంతే. చిప్ప నీటికి కరిగిపోయి గుంట మిగిలితే అచ్చు శిలాజం, ఆ గుంటలో మట్టో ఖనిజమో నిండితే పోత శిలాజం. ఆకు మాత్రం ఎక్కువగా నల్లటి బొగ్గు పూతగానో, అది కూడా పోయి వట్టి ముద్రగానో మిగులుతుంది. చెట్టు మాను అయితే కణంకణంలోకీ సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజం, చేరి రాయవుతుంది. తమిళనాడులో తిరువక్కరై దగ్గర అలాంటి మానులే పడి ఉన్నాయి, సెలవుల్లో పెద్దవాళ్లతో వెళ్లి చూడదగ్గ చోటు.

ఇప్పుడు చేతిపని. మీరు గోతులు తవ్వొద్దు, క్వారీల్లోకి, దిగుడు బావుల్లోకి దిగొద్దు. కొత్తగా తవ్విన బావి పక్కన, కాలువ గట్టున పోసిన మట్టి చాలు. పొలం వాళ్లను అడిగి, పెద్దవాళ్లు ఒకరు వెంట ఉండగా వెళ్లండి. కళ్లకు ప్లాస్టిక్ అద్దాలు తప్పవు, రాతి పెళ్ల ఒక్కటి చాలు కంటికి. షేల్ ముక్కను పొరలు నిలువుగా ఉండేలా పట్టుకుని, అంచున సన్నటి ఉలి ఆనించి, చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. అంచు పొడవునా ఉలిని జరుపుతూ తట్టాలి. ఒకేచోట గట్టిగా కొడితే పొర విడకుండా రాయి అడ్డంగా విరుగుతుంది. విడిన రెండు ముక్కల్లో ఒకదాని మీద ఉబ్బు, రెండోదాని మీద గుంట ఉంటాయి. బాగున్నదాన్ని ఉంచుకుని రెండోది పారేయడం అందరూ చేసే తప్పు. ఈనెలు ఒక్కోసారి గుంట వైపే స్పష్టంగా ఉంటాయి. రెండూ ఉంచండి, ఒకే నంబరు వేసి క, ఖ అని గుర్తు పెట్టండి.

చోటు కదపకముందే ఫోటో తీయండి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలో ఏమీ కనపడదు. పొద్దు వాలాక ఏటవాలు వెలుతురులో తీస్తే ఈనె ఈనె లేచి కనిపిస్తుంది. వెలుతురు ఫోటోలో ఎడమవైపు పైనుంచి పడేలా, రాయిని కదపకుండా ఫోనునే తిప్పి పట్టుకోండి, లేకపోతే గుంట ఉబ్బులా కనబడి చూసేవాళ్లు పొరబడతారు. పక్కన రూపాయి బిళ్ల కాదు, స్కేలు పెట్టండి. రూపాయి బిళ్ల సైజు ఎన్నోసార్లు మారింది.

ఆ తర్వాత చీటీ. పెన్సిలుతోనే రాయండి, ఇంకు తడికి పాకుతుంది. తేదీ, ఊరు, ఎవరి పొలం, బావికి ఏ దిక్కున ఎన్ని అడుగుల్లో, పైనుంచి ఎంత లోతు పొర, మట్టి రంగు, పక్కన ఇంకేం ఉన్నాయి. ఫోనులో వచ్చే అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత ఐదు అంకెల దాకా రాస్తే కొన్ని మీటర్ల తేడాలో చోటు తెలుస్తుంది. గుట్ట మీద పోసిన మట్టిలో దొరికితే ఏ లోతుదో తెలియదని రాయండి, ఊహించి రాయకండి. చీటీ లేని శిలాజం ఎంత అందంగా ఉన్నా కాగితాలు ఎగరకుండా పెట్టుకునే రాయి మాత్రమే.

ఇంటికి తెచ్చాక కడగాలనిపిస్తుంది. షేల్‌ను కడగొద్దు. అందులోని బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బి, కళ్లముందే పెళ్లలుగా ఊడిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో పొడిగా, మెత్తగా దులపండి. బావిలోంచి తడిగా వచ్చిన ముక్కను ఎండలో పెట్టినా పగులుతుంది, నాలుగైదు పొరల పేపరులో చుట్టి నీడన వారం ఆరనివ్వండి. పులికాట్ గట్టు మీద, తీరంలో పాత ఇసుకలో దొరికే గుల్లలకు మాత్రం దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. అవి కొన్ని వేల ఏళ్లవే, ఇంకా రాయి కాలేదు, గుల్లసున్నం కాల్చేవాళ్లు వాడేది అలాంటి గుల్లే. వాటిలో ఉప్పు ఉంటుంది. కడగకుండా పెట్టెలో పెడితే వానాకాలంలో ఉప్పు చెమర్చి, ఎండకు స్ఫటికాలు కట్టి, గుల్ల పైపొర పొట్టులా లేస్తుంది. మంచినీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ వారం పాటు ఉంచి ఆరబెట్టండి. పక్షుల రక్షిత ప్రాంతం లోపల మాత్రం ఒక్క గుల్ల కూడా తీయకండి.

రాతిలో సున్నం ఉందో లేదో చూడాలంటే విరిగిన మూల మీద ఒక చుక్క నిమ్మరసం వేయండి, సన్నటి బుడగలు వస్తే ఉన్నట్టు. శిలాజం మీద వేయొద్దు, నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టొద్దు. చిప్ప సున్నమే కాబట్టి ముందు అదే కరుగుతుంది. విరిగితే క్షణంలో అతుక్కునే గ్లూ పూయకండి, వార్నిష్ కొట్టకండి. వంకరగా అతుక్కున్నది ఇక ఊడదు, పూత కింద ఈనెలు కనపడవు. విరిగిన ముక్కలు ఒకే పొట్లంలో దూది వేసి ఉంచండి, అతికించడం మ్యూజియం వాళ్ల పని. ఇత్తడిలా మెరిసే పైరైట్ ఉన్న శిలాజానికి మన అక్టోబరు నుంచి డిసెంబరు వానలు శత్రువులు. చెమ్మకు పైరైట్ ఆమ్లంగా మారి రాయిని లోపలినుంచే తినేస్తుంది, మీద తెల్లటి బూజులాంటి పొడి కనిపిస్తుంది. మందుల సీసాల్లో వచ్చే సిలికాజెల్ పొట్లాలు దాచి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వాటితోపాటు పెట్టండి.

మీకు దొరికింది మామూలుది కాదనిపిస్తే, ముఖ్యంగా ఎముక గానీ, పురుగు రెక్క గానీ, ఆకూ చిప్పా కలిసి ఉన్న పలక గానీ కనిపిస్తే, కదపకుండా ఫోటోలు తీసి, చోటు రాసుకుని, మీ సైన్సు టీచరు ద్వారా జియలాజికల్ సర్వే వారి హైదరాబాద్ కార్యాలయానికి పంపండి. మొక్కల శిలాజమైతే లక్నోలో మొక్కల శిలాజాల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని 1946లో స్థాపించిన సంస్థ ఉంది. అక్కడివాళ్లు మొదట అడిగేది, ఎక్కడ దొరికింది, ఏ పొరలో, పక్కన ఏముంది అని. మీ చీటీ నకలు ఒకటి ఫోటోతోపాటే పెట్టండి, అసలుది మీ దగ్గరే ఉంచుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య