చీటీ వేసి మందు ఇవ్వడమేంటి అమ్మమ్మా?

చిన్నూకి, పండుకి,

మొన్న ఫోన్లో మీరడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఒక పక్క కుక్కరు కూత, ఇంకో పక్క మీ తాతయ్య టీవీ. "కరోనా టైంలో సైంటిస్టులందరూ తలో మందు పట్టుకుని పరీక్షించి ఉంటే ఏదో ఒకటి త్వరగా దొరికేదిగా, కొన్నింటినే ఎందుకు ఎంచుకున్నారు?" అన్నాడు పండు. వెనక నుంచి చిన్ను అందుకుంది: "అదీ చీటీలు వేసి, కొందరికిచ్చి కొందరికివ్వకుండా! అన్యాయం కదూ?" ముప్పై రెండేళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా చేసినదాన్ని. నాకు తెలిసింది రాస్తాను, నిదానంగా చదవండి.

ముందు మీ చిన్న తాతయ్య సంగతి. 2021 మే మొదటి వారం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు ఒక కాగితం మీద "బి పాజిటివ్ ప్లాస్మా, 2 యూనిట్లు" అని రాసి మీ అమ్మ చేతిలో పెట్టారు. కరోనా వచ్చి తగ్గినవాళ్ల రక్తంలోంచి తీసేది అది. మీ అమ్మ రెండు రోజులు కంటిమీద కునుకు లేకుండా ఫోన్లు చేసింది. చివరికి ఎవరో కుర్రాడు, మనకు చుట్టమూ కాదు పక్కమూ కాదు, అరవై కిలోమీటర్లు బైకు మీద వచ్చి, బ్లడ్ బ్యాంకులో గంటన్నర పడుకుని ఇచ్చి వెళ్లాడు. టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

పన్నెండో రోజుకి చిన్న తాతయ్య ఇంటికొచ్చాడు. ప్లాస్మాయే బతికించిందని ఇంటిల్లిపాదీ అన్నారు. పైకి నేనూ అలాగే అన్నాను.

కానీ అంతకు ముందు అక్టోబరులోనే ఆ సంగతి దాదాపు తేలిపోయింది, అదీ మన దేశంలోనే. ఐసీఎంఆర్, అంటే మన దేశపు వైద్య పరిశోధన మండలి వాళ్లు 39 ఆసుపత్రుల్లో 464 మందితో పరీక్ష చేశారు. చీటీ వేసి, సుమారు సగం మందికి ప్లాస్మా, మిగిలినవాళ్లకు మామూలు వైద్యం. నెల రోజుల్లో జబ్బు ముదిరినవాళ్లనూ చనిపోయినవాళ్లనూ కలిపి లెక్కేస్తే ప్లాస్మా వైపు 44 మంది, రెండో వైపు 41 మంది. అంటే ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. అయినా మన చికిత్సా మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న. మేం బైకు కుర్రాడి కోసం తిరిగిన పది రోజులకన్నమాట.

అమెరికాలో ఇంకో రకం. 2020 ఆగస్టు నాటికే 70 వేల మందికి పైగా ప్లాస్మా ఎక్కించారు. కానీ పోల్చి చూడటానికి ప్లాస్మా ఇవ్వని జట్టును పెట్టుకోలేదు. అంతమందికి ఎక్కించాక కూడా, పనిచేస్తోందా లేదా అంటే గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు. ఆ 70 వేల మందిలో కొంతమందికైనా చీటీ వేసి ఉంటే జవాబు నెలల ముందే వచ్చేది.

పండూ, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అప్పుడు పరీక్షించడానికి మందులకు కొదవ లేదు. మలేరియా బిళ్ల, హెచ్ఐవీ బిళ్ల, ఎబోలా మీద వాడి చూసిన ఇంజెక్షను, బీరువా నిండా ఉన్నాయి. కొదవంతా రోగులకే అంటే నవ్వుతావు, మంచాలు చాలక వరండాల్లో పడుకోబెట్టిన రోజులవి కదా అని. నేననేది పరీక్షకు ఒప్పుకుని, లెక్కలోకి ఎక్కిన రోగులు. ఒక మందు వల్ల వందకి ఇద్దరో ముగ్గురో అదనంగా బతుకుతున్నారా అని తేలాలంటే వేల మంది కావాలి. వంద ఆసుపత్రులు తలా ముప్పై మందిని తీసుకుని తలో మందూ చూస్తే ఎవరికి వారే యమునా తీరే. ఒక్కటీ తేలదు.

ఇంకో కొదవ, నర్సు టైము. దీన్ని ఎవరూ లెక్కపెట్టరు. నైట్ డ్యూటీలో నలభై పడకలకు ఇద్దరం ఉండేవాళ్లం. ఒకసారి ఎవరో పరిశోధన అంటూ పన్నెండు పేజీల ఫారాలు ఇచ్చారు. రాత్రంతా సెలైన్లు, బీపీలతో సరిపోయింది. తెల్లారి ఆరింటికి కూర్చుని, గుర్తున్నంత వరకు నింపేశాను. తప్పే, దాచను. అలాంటి కాగితాల మీద ఎవరో పెద్ద పెద్ద లెక్కలు కట్టి ఉంటారు.

అందుకే బ్రిటన్‌లో "రికవరీ" అనే ట్రయల్, అంటే మందుల పరీక్ష, గురించి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే నడిపారు. ప్రణాళిక రాసిన 9 రోజులకే, 2020 మార్చి 19న తొలి రోగిని చేర్చుకున్నారు. 170కి పైగా ఆసుపత్రులు, అన్నిట్లో అవే కొద్ది మందులు, ఫారం మాత్రం చిన్నది. ఏప్రిల్ 1న ఆ దేశపు పెద్ద డాక్టర్లు మిగతా డాక్టర్లందరికీ ఉత్తరం రాశారు: రుజువు కాని మందులు ఎవరికి వారు ఇవ్వకండి, రోగులను ట్రయల్లో చేర్చండి అని. ఎంచుకోవడమంటే ఇదే పండూ. మూడున్నర నెలలు తిరక్కుండా మూడు జవాబులొచ్చాయి. మలేరియా బిళ్ల పనిచేయదు, హెచ్ఐవీ బిళ్ల పనిచేయదు, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పనిచేస్తుంది.

మలేరియా బిళ్ల అంటే గుర్తొచ్చింది. 2020 మార్చిలో మన వీధి మెడికల్ షాపులో అది మాయమైంది. కీళ్లవాతానికి రోజూ వేసుకునే పక్కింటావిడకు దొరక్క, వేళ్లు వాచి ముద్ద కలుపుకోలేకపోయింది.

డెక్సా మాత్రం ఎప్పటి నుంచో మా వార్డు ట్రేలో పడి ఉండే చవక ఇంజెక్షను. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు లాభమేమీ కనబడలేదు. మనవాళ్లు మొదటి సగం విని రెండో సగం వదిలేశారు. సెకండ్ వేవ్‌లో జ్వరం రాగానే స్టెరాయిడ్లు వాడేసినవాళ్లు ఎంతమందో. షుగరు పెరిగిపోవడం, ఆ తర్వాత బ్లాక్ ఫంగస్... ఆ రోజులు మీ అమ్మనడగండి.

చిన్నూ, ఇక నీ అన్యాయం మాట. ఆ ట్రయల్లో డెక్సా వచ్చినవాళ్లు 2,104 మంది, చనిపోయింది 482. రానివాళ్లు 4,321 మంది, చనిపోయింది 1,110. వందకి చూస్తే దాదాపు 23, 26. ఆ 1,110 మందిలో కొందరికి చీటీ ఇటు పడి ఉంటే బతికేవారు. నాకూ గొంతు పట్టేస్తుంది. కానీ చీటీ వేసిన రోజున ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏమంటోందో తెలుసా? ట్రయల్స్‌లో తప్ప స్టెరాయిడ్లు మామూలుగా ఇవ్వొద్దని. మలేరియా బిళ్ల చీటీ వచ్చినవాళ్లు అదృష్టవంతులమనుకుని ఉంటారు, వాళ్లకు ఒరిగిందేమీ లేదు. తెలియనప్పుడు చీటీ వేయడాన్ని నేను అన్యాయమనలేను.

అన్యాయం అనదలిస్తే గర్భిణుల విషయంలో అను. సగం సర్వీసు కాన్పుల వార్డులో చేశాను కాబట్టి నాకు ఆ కోపం ఉంది. చాలా మందుల పరీక్షల్లో, టీకాల పెద్ద పరీక్షల్లో వాళ్లను మొదటే పక్కన పెట్టేశారు. మన దగ్గర వాళ్లకు టీకా వేయించుకోవచ్చన్నది 2021 జులైలో, సెకండ్ వేవ్ అయ్యాక. రికవరీ వాళ్లు గర్భిణులనూ చేర్చుకున్నారు, డెక్సాకు బదులు వేరే స్టెరాయిడ్ పెట్టి. చేయాలనుకుంటే కుదిరేదే.

చిన్న తాతయ్య కేస్ షీటు నేను తర్వాత చూశాను. రోజూ డెక్సా 6 మిల్లీగ్రాములు, పది రోజులు. ఆయనకు ఆ పేరే గుర్తులేదు. డెక్సా వల్లే బతికాడని నేనూ అనలేననుకోండి, ఒక్క మనిషిని చూసి ఏం చెబుతాం? కాకి వాలింది, తాటిపండు రాలింది. ఆయన మాత్రం ప్లాస్మా అంటాడు.

ఆ కుర్రాడు ఏటా సంక్రాంతికి "అంకుల్ బాగున్నారా" అని మెసేజ్ పెడతాడు. నేనేమీ చెప్పలేదు. మొన్న అరిసెలు కొరియర్ చేశాం. డబ్బా మీద అడ్రసు చిన్న తాతయ్యే రాశాడు, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం.

మీ
అమ్మమ్మ