ఆఫ్రికా వేట: క్యాలిబర్ చుట్టూ తిరిగే అపోహలు

వేట సఫారీకి వచ్చేవాళ్ళు ముందు అడిగేది రైఫిల్ క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లోనో మి.మీ.లోనో) ఎంత అని. నేను ముందు చూసేది తూటా (కార్ట్రిడ్జ్) మొనలో కూర్చున్న బుల్లెట్‌ని.

అపోహ: పెద్ద బుల్లెట్ తగిలితే దున్న ఎగిరి పడుతుంది.

వాస్తవం: లెక్క వేద్దాం. పెద్ద జంతువుల వేటకి వాడే .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాలో బుల్లెట్ బరువు 500 గ్రెయిన్లు, అంటే 32 గ్రాములు. వేగం సెకనుకు దాదాపు 655 మీటర్లు. ఆ ఊపంతా 700 కిలోల కేప్ దున్నకు (ఆఫ్రికా అడవి దున్నకు) అందినా, అది కదిలేది సెకనుకు 3 సెంటీమీటర్ల వేగంతో. దున్నని పడేసేది మెదడుకో వెన్నుకో తగిలిన దెబ్బ, లేదా గుండె, ఊపిరితిత్తుల నుంచి పోయే రక్తం. గుండెకి తగిలాక కూడా వంద మీటర్లు పరిగెత్తేవి ఉంటాయి.

అపోహ: పాతకాలపు ఏనుగుల వేటగాడు బెల్ 7 మి.మీ. రైఫిల్‌తో ఏనుగుల్నే కొట్టాడు కదా, చిన్న క్యాలిబర్ చాలు!

వాస్తవం: కొట్టాడు. కానీ కరమోజో బెల్ వాడింది 173 గ్రెయిన్ల ఫుల్ మెటల్ జాకెట్ (సీసం చుట్టూ గట్టి లోహపు తొడుగు ఉన్న) బుల్లెట్. పొడవుగా, సన్నగా ఉండి, ఆకారం చెడకుండా పుర్రెలోకి దిగేది. పైగా ఏనుగు పుర్రెల్ని రంపంతో కోయించి మెదడు ఎక్కడుందో చూసుకున్న మనిషి ఆయన. ఇప్పుడు చట్టం కూడా ఒప్పుకోదు. జింబాబ్వేలో ఏనుగుకీ దున్నకీ కనీసం 9.2 మి.మీ. క్యాలిబర్, 5,300 జూల్స్ శక్తి ఉండాలి. మన దేశంలో దొరికే .315 బోర్ (8 మి.మీ.) రైఫిల్ పనికొస్తుందా అనేవాళ్ళకీ ఇదే జవాబు. 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్) తూటా 300 గ్రెయిన్ల బుల్లెట్‌తో ఈ గీత సులువుగా దాటేస్తుంది.

అపోహ: దేనికైనా సాలిడ్ (ఆకారం చెడకుండా లోతుగా దిగే గట్టి బుల్లెట్) ఒక్కటే చాలు.

వాస్తవం: ఏనుగుకైతే సరే, అదీ మొన చదునుగా ఉన్నదైతే ఇంకా తిన్నగా వెళ్తుంది. దున్నలు మందలో ఉంటాయి. సాలిడ్ ఒకదాన్ని దాటి వెనకదానికి తగిలితే, గాయపడిన రెండో దున్న కోసం పొదల్లో వెతకాలి. అందుకే మొదటి తూటాలో సాఫ్ట్ (తగలగానే మొన విచ్చుకునే బుల్లెట్), అదీ సీసం తొడుగు నుంచి విడిపోకుండా గట్టిగా కట్టినది, తర్వాతవి సాలిడ్లు. సాఫ్ట్ అన్నా అన్నీ ఒకటి కావు. తోలు ఒలిచేటప్పుడు అవతలి పక్క చర్మం కింద బుల్లెట్ దొరుకుతుంది. కడిగి తూకం వేయండి. 300 గ్రెయిన్లది 280 మిగిలితే భేష్. రాగి తొడుగు ఒకచోట, సీసం ముక్కలు ఒకచోట దొరికాయా, ఆ రకం తూటాల డబ్బా జింకలకి ఉంచుకోండి.

అపోహ: ఇంకా పెద్ద .458 రైఫిల్ చేతిలో ఉంటే టెన్షన్ ఉండదు.

వాస్తవం: పేలినప్పుడు భుజాన్ని అది తన్నే తన్ను .375కి ఒకటిన్నర రెట్లు. క్యాంపులో మొదటి రోజే, చెప్పకుండా మధ్యలో ఒక డమ్మీ (పేలని) తూటా పెట్టి ఇస్తాం. ట్రిగ్గర్ నొక్కగానే పేలుడు లేకపోయినా గొట్టం కిందికి దిగిందంటే, తన్నుకి ముందే భయపడుతున్నట్టు; ఆ రైఫిల్ పక్కన పెట్టి .375 ఇస్తాం. కొందరు అలుగుతారు.