వైబ్రేషన్ బ్యాండ్ కట్టుకుంటే డాక్టర్లకు నిద్ర పడుతుందా? అపోహలు - వాస్తవాలు

నిద్ర సమస్యలకు వైద్యం చేసే నా దగ్గరికి తోటి డాక్టర్లు కూడా వస్తుంటారు. ఈ మధ్య కొందరి మణికట్టుకో, చీలమండకో టెన్షన్ తగ్గి నిద్ర పడుతుందని కట్టుకున్న, సన్నగా వణికే బ్యాండ్ కనిపిస్తోంది. దాన్ని నేను తప్పు పట్టను. దాని మీద పెట్టుకున్న ఆశలు కొన్ని మాత్రం సరిదిద్దాలి.

అపోహ: అది నేరుగా వేగస్ నాడిని (మెదడు నుంచి వచ్చి ఒంటిని శాంతపరిచే నాడి) ప్రేరేపిస్తుంది.

వాస్తవం: వేగస్ మెడ, ఛాతీ, పొట్టలోకి వెళ్తుంది, ఒక చిన్న కొమ్మ చెవికి వెళ్తుంది. మణికట్టుకు రాదు. వణుకును పసిగట్టేది చర్మంలోని స్పర్శ గ్రాహకాలు. ఆ కబురు వెన్నుపాము మీదుగా మెదడుకు చేరుతుంది. నెమ్మదైన లయ తగిలినప్పుడు మన ధ్యాస ఊపిరి మీదికి మళ్లితే టెన్షన్ కొంత దిగవచ్చు. నిమిషానికి ఆరు శ్వాసల దగ్గర ఊపిరితో పాటు గుండె లయలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు బాగా పెరుగుతాయి, ఇది ఒళ్లు సేదతీరుతోందనడానికి గుర్తు. అందుకే బ్యాండ్ వణికినప్పుడల్లా ఊపిరిని మెల్లగా, ఎక్కువసేపు వదలమంటాను.

అపోహ: బ్యాండ్ ఉంటే తక్కువ నిద్రతో నెట్టుకురావచ్చు.

వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ నమ్మకమే. 17 గంటలు మెలకువగా ఉంటే పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నంతగా పడిపోతుందని 1997లోనే తేలింది. అమెరికాలో ఐసీయూ ఇంటర్న్‌లపై 2004లో వచ్చిన అధ్యయనంలో, సుదీర్ఘ డ్యూటీలను కుదించిన పద్ధతితో పోలిస్తే పాత పద్ధతిలో తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువ. అలాంటి డ్యూటీ ముగించి కారు నడిపితే ప్రమాదం జరిగే అవకాశం రెట్టింపు దాటుతుందని మరుసటి ఏడాది వెల్లడైంది. ఒళ్లు తేలికపడినట్టు అనిపించినా నిద్ర బాకీ అలాగే ఉంటుంది. దయచేసి కాసేపు పడుకుని లేచాకే స్టీరింగ్ పట్టుకోండి.

అపోహ: ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతినిచ్చే సంస్థ) ఒప్పుకుంది కదా!

వాస్తవం: 2020 నవంబరులో అనుమతి పొందిన ‘నైట్‌వేర్’ అనే వాచీ పరికరం పీడకలల కోసం. పీడకల లక్షణాలు కనిపిస్తే వాచీ మెల్లగా వణుకుతుంది. డ్యూటీ ఒత్తిడికి దానితో సంబంధం లేదు.

అపోహ: నెలల తరబడి నిద్ర పట్టకపోయినా ఇదే మందు.

వాస్తవం: దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్స సీబీటీ-ఐ, అంటే నిద్రకు సంబంధించిన ఆలోచనలను, అలవాట్లను మార్చే మందులు లేని చికిత్స. అమెరికా వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016 నుంచీ చెబుతున్నది అదే.

అపోహ: బర్నౌట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) మన బలహీనత, బ్యాండ్‌తో సర్దుకోవాలి.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పనికి సంబంధించిన సమస్యగానే లెక్కిస్తుంది. వరుస నైట్ డ్యూటీల రోస్టర్‌ను మార్చమని డిపార్ట్‌మెంట్‌ను అడగడం కూడా చికిత్సలో భాగమే. వాళ్లకు చూపించడానికి కావాలంటే లెటర్ రాసిస్తాను.