పట్టా వస్తే ఉనికి పోయిన చోటే, ఆ ఉనికి మీద పట్టా

తన నేల మూలవాసులను అప్పట్లో ‘ఇండియన్’లనే పిలిచిన కెనడా, 1876లో వారి కోసం చేసిన ఇండియన్ చట్టంలో ఒక నిబంధన ఉంది. మూలవాసి ఎవరైనా వైద్యంలో గానీ మరే చదువులో గానీ విశ్వవిద్యాలయ పట్టా పుచ్చుకుంటే, చట్టం లెక్కలో అతను ఇక ‘ఇండియన్’ కాడు. అతను కోరనవసరం లేదు, ఒప్పుకోనవసరమూ లేదు. నాలుగేళ్ల తర్వాత, కోరుకున్నవారికే వర్తించేలా దాన్ని సడలించారు. అయినా చదువు పూర్తయిందంటే తనవాళ్ల నుంచి బయటికి నడిచినట్టే అన్న ఆలోచన మాత్రం చాలాకాలం నిలిచింది.

ఇవాళ అదే దేశంలో మూలవాసుల భాష, చరిత్ర, సంస్కృతి ప్రధాన విషయంగా డిగ్రీ చేయవచ్చు. విశ్వవిద్యాలయాలు పెద్దమనసుతో చేర్చిన కొత్త కోర్సు ఇదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. దీన్ని పోరాడి సాధించుకున్నారు.

సరిహద్దుకు అటువైపు 1879వ సంవత్సరాన్ని చూడండి. మూలవాసుల భాషలను, ఆచారాలను నమోదు చేయడానికి అమెరికా ప్రభుత్వం ఆ ఏడాది ఒక కార్యాలయం తెరిచింది. అదే ఏడాది పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో, మూలవాసుల పిల్లల నుంచి అవే భాషలను, ఆచారాలను తుడిచేయడానికి ఒక వసతి పాఠశాల మొదలైంది. పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు. అవ్వ చెప్పిన కథ పరిశోధకుడి పుస్తకంలోకి చేరింది, మనవడి నోట మాత్రం ఆగిపోయింది. ఈ సంస్కృతులను విశ్వవిద్యాలయాల్లో చదివింది చాలావరకు మానవశాస్త్ర విభాగాలే. అక్కడ మూలవాసులు పాఠంలో ఉండేవారు, పాఠం చెప్పే చోట దాదాపుగా ఉండేవారు కారు.

ఆ గోడకు బీట పడింది 1968 నవంబరులో. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి, ఆసియా, లాటినో, మూలవాసి విద్యార్థులు కలిసి సమ్మెకు దిగారు. తమ చరిత్రను తమవైపు నుంచి చెప్పే విభాగాలు కావాలన్నారు. దాదాపు ఐదు నెలలు పట్టు వదలలేదు. 1969 మార్చిలో ఒప్పందం కుదిరింది, ఆ కాలేజీలో ఈ చదువులకు చోటు దొరికింది. అదే ఏడాది నవంబరులో, అక్కడే చదువుతున్న మోహాక్ జాతి యువకుడు రిచర్డ్ ఓక్స్ తదితరులు శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలోని అల్కట్రాజ్ దీవిని ఆక్రమించి పందొమ్మిది నెలలు నిలబెట్టుకున్నారు. పాడుబడ్డ జైలున్న ఆ రాతి దీవి మీద ఏం కడతామో వాళ్ల ప్రకటనలోనే రాశారు. అందులో మూలవాసీ అధ్యయనాల కేంద్రం కూడా ఉంది. ఆ జాబితాలో చదువు ఉండటం నాకు చాలా పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

ఆ 1969లోనే మిన్నెసోటా విశ్వవిద్యాలయం అమెరికన్ ఇండియన్ అధ్యయనాలకు విడిగా శాఖ ఏర్పాటు చేసింది. కెనడాలో మొదటి అడుగు ఆంటారియోలోని ట్రెంట్ విశ్వవిద్యాలయానిది, అదీ అదే ఏడాది. అక్కడి విభాగం ఇప్పుడు చానీ వెంజాక్ పేరు మీద నడుస్తోంది. చానీ పన్నెండేళ్ల బాలుడు, అనిషినాబే అనే మూలవాసీ జాతివాడు. 1966 అక్టోబరులో, కార్లైల్ లాంటిదే అయిన కెనోరాలోని వసతి పాఠశాల నుంచి పారిపోయి, రైలు పట్టాల వెంట ఇంటివైపు నడిచాడు. ఇల్లు దాదాపు 600 కిలోమీటర్ల దూరం. పల్చని బట్టల్లో, చలిలో, పట్టాల పక్కనే ప్రాణం విడిచాడు. జేబులో ఒక చిన్న గాజు సీసా, అందులో కొన్ని అగ్గిపుల్లలు దొరికాయి. బడిలో అతన్ని చార్లీ అనేవారు. డిగ్రీ విభాగానికి పెట్టింది మాత్రం ఇంటి పిలుపు, చానీ.

ట్రెంట్‌లో పాఠం చెప్పినవారిలో కయూగా జాతి పెద్ద జేకబ్ థామస్ ఒకరు. హోడెనోషోనీ అనే ఆరు జాతుల కూటమికి నోటిమాటగా వచ్చిన రాజ్యాంగం లాంటి మహా శాంతి ధర్మం ఆయనకు కంఠస్థం. మొత్తం వల్లించాలంటే రోజులు పడుతుంది. ఆ విద్య ఆయనకు తరగతి గదిలో రాలేదు, పెద్దల నోట విని నేర్చుకున్నది. అలాంటివారిని అధ్యాపకులుగా కూర్చోబెట్టడమే ఈ డిగ్రీకి అసలు మలుపు అని నా నమ్మకం. పాఠ్యాంశం మార్చడం తేలిక, పాండిత్యానికి కొలమానం మార్చడమే కష్టం.

మిగతా దేశాల దారులు వేరు. న్యూజిలాండ్‌లో 1972లో అక్కడి మూలవాసుల మావోరీ భాషను బడుల్లో నేర్పాలంటూ 30,000కు పైగా సంతకాలు పార్లమెంటుకు చేరాయి. నార్వేలో 1989లో అక్కడి మూలవాసులైన సామీ జాతి కోసం కౌటొకైనోలో ఉన్నత విద్యాసంస్థ వెలిసింది.

కెనడాలో వసతి పాఠశాలల మీద విచారణ జరిపిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 సూచనలు చేసింది. పదహారోది సూటిగా ఉంటుంది: మూలవాసీ భాషల్లో డిగ్రీలు, డిప్లొమాలు పెట్టండి. మరుసటి ఏడాది నుంచి విన్నిపెగ్, లేక్‌హెడ్ విశ్వవిద్యాలయాలు ప్రతి డిగ్రీ విద్యార్థీ మూలవాసుల గురించి కనీసం ఒక కోర్సు చదవాలన్నాయి.

ఇలా చోటు పెరిగాక కొత్త చిక్కు వచ్చింది. మూలవాసులమని చెప్పుకుని ఉద్యోగాలు పొందిన కొందరి మాట మీద అనుమానాలు లేచాయి. 2022లో సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం నోటిమాట చాలదు, సంబంధిత సమాజం గుర్తింపు చూపాలంది. ఆ విధానానికి మూడు మూలవాసీ భాషల్లో ‘సత్యం’ అని పేరు పెట్టింది. ఎవరు తమవారో, ఎవరు కారో 1876లో చట్టం తేల్చేది. ఇప్పుడు ఆ మాట చెప్పవలసింది ఆ సమాజాలే.