బట్ట గుమ్మడికాయలు: అపోహలు, అసలు సంగతులు

సెప్టెంబర్ వచ్చిందంటే అమెరికాలో మా డల్లాస్ వైపు ఎండ ఇంకా మాడ్చేస్తున్నా సరే, దుకాణాల నిండా ఎండుటాకుల దండలూ గుమ్మడికాయలూ దిగిపోతాయి. అవి థ్యాంక్స్‌గివింగ్ పండగ దాకా, అంటే నవంబర్ నాలుగో గురువారం దాకా ఇళ్ళలో ఉంటాయి. బట్టతో గుమ్మడికాయలు కుట్టి ఆ సీజన్‌లో సంతల్లో అమ్మడం, శనివారాలు నలుగురికి నేర్పడం నా పని. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ప్రతి ఏడాదీ అవే మాటలు అంటారు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: కుట్టు మిషన్ లేకపోతే కుదరదు.

కుదురుతుంది. మొత్తం కాయలో నిలువుగా ఒక్క కుట్టే ఉంటుంది, అది కూడా 10 అంగుళాలే, చేత్తో పది నిమిషాల పని. మిగతాదంతా సూదీ దారమే, మిషన్ ఉన్నా దాన్ని చేత్తోనే చేయాలి.

అపోహ: ఖరీదైన బట్ట అయితేనే కాయ బాగుంటుంది.

ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. వెల్వెట్ గజాలు గజాలు కొనుక్కొచ్చి, మూటగట్టిన సంచిలాంటిది తయారుచేసుకుని, "బట్ట సరిగ్గా లేదండీ" అంటారు. తప్పు బట్టది కాదు, దారం లాగడంలో ఉంది.

చూడండి, 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ముక్క తీసుకోండి. పొట్టి అంచులు రెండూ కలిపి కుడితే గొట్టం అవుతుంది. ఒక నోటి చుట్టూ పెద్ద పెద్ద టాకాలు వేసి, దారం బిగించి లాగి ముడేయండి, తిరగేసి దూది కూరండి, పై నోరు కూడా అలాగే మూసేయండి. ఇప్పటికి చేతిలో ఉన్నది బంతి, గుమ్మడికాయ కాదు. దబ్బనంలాంటి పొడుగు సూదితో పైన నడిమధ్య గుచ్చి కింద నడిమధ్యకు తీసి, దారాన్ని బయటి వైపు నుంచి పైకి తెచ్చి, మళ్ళీ అదే మధ్యలో గుచ్చి లాగాలి. ఒక్కో చుట్టుకు ఒక్కో గాడి పడుతుంది, ఆరో ఎనిమిదో పడితే తొనలు తేలతాయి. వరసగా పక్కపక్కనే వేసుకుంటూ పోతే మధ్యభాగం ఒకవైపుకి జరిగి కాయ వంకరపోతుంది, కాబట్టి ముందు ఎదురెదురుగా రెండు, తర్వాత వాటి మధ్యన రెండు, అలా వేయండి. మామూలు మిషన్ దారం రెండోసారి లాగగానే టప్పున తెగుతుంది. ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగులూ విడదీయకుండా వాడండి. పళ్ళు శుభ్రం చేసుకునే ఫ్లాస్ ఇంకా గట్టిది, కాకపోతే తెల్లగా ఉంటుంది కాబట్టి ముదురు రంగు బట్ట మీద కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

దూది తక్కువ కూరితే గాడులు బాగా పడతాయనుకుంటారు, అలా చేస్తే కాయ వడిలిన వంకాయలా ముడతలు పడుతుంది. దోరజామకాయలా, నొక్కితే కాస్త లొంగేంత గట్టిగా కూరాలి.

ఇక బట్ట సంగతి. 2025లో ఇక్కడ బట్టలూ కుట్టు సామానూ అమ్మే జోయాన్ షాపులన్నీ మూతబడ్డాక బట్ట ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. మన ఇళ్ళలో పేరంటానికి వెళ్ళిన ప్రతిసారీ చేతిలో పెట్టే జాకెట్టు ముక్కలు బీరువాలో ఎన్ని పడున్నాయో లెక్కపెట్టండి. 80 సెంటీమీటర్ల ముక్క, 44 అంగుళాల పన్నా అయితే, నేను చెప్పిన కొలతకి ఆరు కాయలు వస్తాయి. పాత పట్టుచీర కూడా వాడొచ్చు, కానీ ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే చిట్లుతుంది, లాగినప్పుడు మీ చేతుల్లోనే పర్రుమంటుంది. మడత గీతలు వదిలేసి కత్తిరించుకోండి, వెనకాల ఇస్త్రీ చేస్తే అంటుకునే పల్చటి లైనింగ్ వేయండి. వెల్వెట్ అయితే నూగు అంతా ఒకే వైపుకి ఉండేలా చూసుకోండి, లేకపోతే ఒకే బట్టతో కుట్టిన రెండు కాయలు రెండు రంగుల్లా కనిపిస్తాయి.

అపోహ: అడుగున బరువుకి బియ్యమే బెస్టు.

బరువు వేస్తే కాయ నిలకడగా కూర్చుంటుంది, అది నిజమే. కానీ బియ్యానికి పురుగు పడుతుంది. మొదట్లో నేనూ నేరుగా పోసేదాన్ని, మరుసటి ఏడాది పెట్టె తెరిస్తే కాయల మీద ముక్కపురుగులు షికారు చేస్తున్నాయి. ఇప్పుడు ప్లాస్టిక్ గింజలు వేస్తున్నాను. బియ్యమే వేస్తామంటే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీసి, ఆరాక గట్టిగా మూసిన చిన్న జిప్ సంచిలో పోసి పెట్టండి.

అపోహ: అసలు తొడిమ పెడితేనే అసలైన కాయలా ఉంటుంది.

అందంగా ఉంటుంది, కాదనను. కానీ నిన్న కోసిన కాయ తొడిమని ఇవాళ అతికిస్తే లోపలి తడికి బూజు పట్టి బట్ట మీద మచ్చ పడుతుంది. గుజ్జు గీకేసి, గాలి తగిలే చోట కొన్ని వారాలు ఆరనివ్వాలి. అంత ఓపిక లేకపోతే దాల్చినచెక్క ముక్కో, జనపనార తాడు చుట్టిన పుల్లో పెట్టండి. వేడి జిగురుతో అతికించినవి ఎండలో కారు డిక్కీలో వదిలేయకండి, జిగురు మెత్తబడి తొడిమలు ఊడొచ్చేస్తాయి.

బయట వరండాలో పెట్టొచ్చా అంటే, వాన పడనంతవరకే. దీపావళి కూడా ఆ రోజుల్లోనే వస్తుంది కదా, ప్రమిదల పక్కన మాత్రం పెట్టకండి, లోపల ఉన్నది పాలియెస్టర్ దూది.

అపోహ: గుమ్మడికాయ అంటే నారింజ రంగే.

తోటల్లో తెల్లవీ, బూడిద కలిసిన నీలం రంగువీ, ఎర్రటి బల్లపరుపువీ అన్నీ పండుతాయి. ఏ రంగైనా కుట్టుకోండి, ఒక్క రంగు విషయంలో మాత్రం జాగ్రత్త. మా అమ్మ పంపిన నెమలికంఠం రంగు ముక్కతో ఒక పెద్ద కాయ కుట్టి, మురిసిపోయి, పిల్లలు వేషాలేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ వచ్చే హాలోవీన్ రోజు గుమ్మం ముందు పెట్టాను. సాయంత్రం పులి వేషంలో ఓ చిన్నోడొచ్చాడు, వెనకాల వాళ్ళమ్మ. నేను చాక్లెట్ల గిన్నె చాపాను. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని ఆపి, "మీ ఇంట్లో తిండి కానివి ఉంటాయనుకున్నాం" అంది. ఇక్కడ దాదాపు ఆ రంగు గుమ్మడికాయ గుమ్మంలో ఉంటే, తిండి ఎలర్జీ ఉన్న పిల్లలకి చాక్లెట్ల బదులు బొమ్మలూ స్టిక్కర్లూ ఇస్తామని అర్థం, 2014 నుంచి దేశమంతా ఆ అలవాటు ఉంది. నాకు తెలియదు! లోపలికి పరిగెత్తి మా అమ్మాయి పెన్సిళ్ళు రెండు తెచ్చిచ్చాను. ఇప్పుడూ ఆ కాయని గుమ్మంలోనే పెడుతున్నాను, పక్కన పెన్సిళ్ళ గిన్నెతో సహా.