బీడులో నేపియర్ గడ్డి: జీవ ఇంధన పంటలపై అపోహలు, వాస్తవాలు

నేపియర్ అంటే పశువులకు వేసే ఎత్తైన గడ్డి, దానిని పులియబెట్టి ఇంధన గ్యాసు తీస్తారు. కొంతకాలంగా కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు నుంచి నా దగ్గరికి వచ్చే రైతులు అడిగే ప్రశ్న ఒక్కటే. "సారూ, బీడులో నేపియర్ గడ్డి పెడితే నీళ్లు లేకున్నా వస్తాదంట, గ్యాసు ఫ్యాక్టరీవాళ్లు మొత్తం కొంటారంట, నిజమేనా?" జీవ ఇంధనాల రంగంలో పనిచేస్తున్నవాడిగా ఈ రంగం నిలబడాలని మనసారా కోరుకుంటాను. రైతు నష్టపోయిన చోట మాత్రం ఏ జీవ ఇంధన పథకమూ నిలబడలేదు, ఇకపైనా నిలబడదు.

అపోహ: నేపియర్ గడ్డికి నీళ్లు, ఎరువు అక్కరలేదు, బీడులోనూ పండుతుంది.

వాస్తవం: గడ్డి బతకడం వేరు, కోతకు రావడం వేరు. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4,000 లీటర్ల నీరు చేరినట్టు. ఏడాది పొడవునా కోతలు ఇవ్వాలంటే నేపియర్‌కు తక్కువలో తక్కువ వెయ్యి మిల్లీమీటర్ల నీరు కావాలి. వాన చుక్క ఒక్కటి కూడా వృథా కాలేదని అనుకున్నా, ఇంకా 450 మిల్లీమీటర్ల లోటు ఉంటుంది. అంటే ఎకరానికి ఏడాదికి 18 లక్షల లీటర్ల నీరు బోరు నుంచే రావాలి. 5,000 లీటర్ల ట్యాంకరు లెక్కన చూస్తే అది ఎకరానికి రోజుకొక ట్యాంకరు. ఎకరానికి నూటయాభై టన్నులు, రెండు వందల టన్నులు అని కరపత్రాలలో కనిపించే దిగుబడులు నీరు, ఎరువు పుష్కలంగా ఉన్న పొలాలవి. ఆ అంకెలను తెచ్చి మన ఎర్రనేల బీడుకు అంటగట్టి చెప్పేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇక తూకం సంగతి. ఒకసారి ఒక పెద్దాయన తన బోరు కింద పెంచిన గడ్డి మోపు తెచ్చి, టన్నుకు ఎంత గ్యాసు వస్తుందో చెప్పమన్నాడు. ఆయన ముందే సరిగ్గా కిలో గడ్డి తూచి, చిన్న ముక్కలుగా నరికి, మేడ మీద పట్ట పరిచి ఎండబెట్టాం. నాలుగు రోజుల తరువాత ఆయన మళ్లీ వచ్చినప్పుడు అదే త్రాసులో వేస్తే 220 గ్రాములు తూగింది. ఆయన చాలాసేపు ఆ ముల్లునే చూస్తూ, "అయితే లారీలో పోయేదంతా నా బోరు నీళ్లేనన్నమాట" అన్నాడు. అక్షరాలా నిజం. పచ్చి నేపియర్‌లో నూటికి దాదాపు ఎనభై వంతులు నీరే. పది టన్నుల లారీ నింపితే గ్యాసుకు పనికివచ్చే పదార్థం రెండు టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. అందుకే దూరం పెరిగిన కొద్దీ కిరాయి గడ్డి ధరను మింగేస్తుంది.

బీడులో పండుతుంది, అంతా కొంటారు అన్న మాటలు విన్నప్పుడల్లా నాకు మా చిన్నాన్న గుర్తుకు వస్తాడు. 2006లో ఆయన నాలుగు ఎకరాలలో జట్రోఫా నాటాడు, గింజల నూనెతో బయోడీజిల్ చేసే మొక్క అది. అప్పుడూ ఇవే మాటలు: బీడులో వస్తుంది, మేకలు ముట్టవు, గింజ మేమే కొంటాం. మేకలు ముట్టని మాట నిజమే, ఎందుకంటే అది విషపు మొక్క. నూనె తీసిన తరువాత మిగిలే పిండిని కూడా పశువులకు పెట్టడానికి లేదు. చెట్లు చావలేదు, కాపూ రాలేదు. కాసిన నాలుగు కాయలైనా ఒకేసారి పండవు కనుక, మళ్లీ మళ్లీ కోయించిన కూలి గింజ ధరను మించిపోయింది. మూడో ఏడు కొంటామన్నవారి ఫోను పనిచేయలేదు. ఆ చెట్లను వేళ్లతో పెకలించడానికి చిన్నాన్న జేసీబీకి అప్పు చేశాడు. దేశం మొత్తం మీద జరిగిందీ ఇదే. 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలపాలని 2009 జాతీయ జీవ ఇంధన విధానం అనుకుంటే, 2018 విధానం బయోడీజిల్ లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి దించుకోవలసి వచ్చింది.

అసలు మనం బీడు అని కొట్టిపారేసే నేల ఊరి గొర్రెలకు మేత. దానికి కంచె వేస్తే మొదట నష్టపోయేది సెంటు భూమి లేని గొర్రెల కాపరి. ఏ పథకం లెక్కలోనూ ఆయన పేరు ఉండదు.

అపోహ: పంట కోశాక పొలంలో మిగిలేదంతా వ్యర్థమే, ఇంధనానికి అమ్ముకుంటే లాభమే.

వాస్తవం: పంటను బట్టి ఉంటుంది. శెనక్కాయ కట్టె మంచి పశుగ్రాసం. వామి అమ్ముకున్న ఇంటివారు వేసవిలో అంతకు రెట్టింపు పెట్టి మేత కొనడం నేను చూశాను. శెనక్కాయ పొట్టు సంగతి వేరు, దానిని బ్రికెట్లుగా, అంటే గట్టిగా అదిమిన ఇంధనపు దిమ్మెలుగా చేసి బాయిలర్లకు పంపడం ఉభయులకూ మేలు. ఆదోని వైపు పత్తి కట్టెను పొలంలో నిలవ ఉంచితే గులాబీరంగు పురుగుకు ఆశ్రయమవుతుంది కాబట్టి తీసి అమ్మడమే మంచిది.



 

గడ్డి పెంచి ఇస్తామని ఫ్యాక్టరీవాళ్ల దగ్గర బయానా పుచ్చుకొని రాత్రిళ్లు నిద్రపట్టడం లేదని ఫోను చేసేవారికి నేను చెప్పేది ఒక్కటే: భయపడవద్దు, ముందు ఒప్పంద పత్రం చదివించుకోండి. ధర పచ్చి తూకానికా, ఎండు తూకానికా? కోత కూలి, లారీ కిరాయి ఎవరివి? గ్యాసు తీశాక మిగిలే స్లర్రీ (చిక్కటి జావ) మీ పొలానికి తిరిగి వస్తుందా? గ్యాసుగా పోయేది ప్రధానంగా కర్బనమే. నత్రజని, భాస్వరం, పొటాష్ స్లర్రీలోనే మిగులుతాయి. అది తిరిగి రాకపోతే ప్రతి కోతతోనూ మీ నేల సారం లారీ ఎక్కి పోతున్నట్టే. వీటికి జవాబులు నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలి. కొంటామన్నవారు మానుకుంటే పరిహారం ఎంతో కూడా అందులోనే రాయించుకోండి.

ఆ పెద్దాయన చివరికి అర ఎకరంలోనే నేపియర్ ఉంచుకున్నాడు. ఫ్యాక్టరీకి కాదు, తన ఇంటి ఎనుములకు.