80 సెంటీమీటర్ల నీళ్ళలో యుద్ధనౌక: గేముల్లో ఇమడని జపాన్ గన్‌బోట్ల వెనక కథ

అకాగి అనగానే నౌకా యుద్ధాల గేములు ఆడేవాళ్ళకి గుర్తొచ్చేది 1942లో మిడ్‌వే దగ్గర మునిగిపోయిన పెద్ద విమాన వాహక నౌక. అంతకు చాలా ముందే ఆ పేరుతో 614 టన్నుల గన్‌బోటు, అంటే ఫిరంగులున్న చిన్న యుద్ధ పడవ ఒకటి ఉండేది. 1894 సెప్టెంబరు 17న యాలూ నది ముఖద్వారం దగ్గర చైనా, జపాన్ నౌకాదళాలు తలపడినప్పుడు ఈ చిన్న అకాగి జపాన్ పెద్ద ఓడల వేగాన్ని అందుకోలేక వెనకబడి, శత్రువుల ఫిరంగులకు చిక్కింది. కెప్టెన్ సకమోతో హచిరోతా అక్కడే చనిపోయాడు. ఓడ మాత్రం ఎలాగో బతికి బయటపడింది. మాయా, చోకాయ్, అతాగో పేర్లది కూడా ఇదే కథ. 1930ల నాటి భారీ క్రూయిజర్లుగా మనకు తెలిసిన ఈ పేర్లన్నీ మొదట అకాగికి తోడబుట్టిన గన్‌బోట్లవే.

ఓడలను మనమే డిజైన్ చేసుకునే గేముల్లో ఈ గన్‌బోట్లకు న్యాయం జరగడం లేదని నాకు చాలాకాలంగా ఉన్న బాధ. రూల్ ద వేవ్స్ లాంటి గేములో 1900 నాటి జపాన్‌ను ఎంచుకుంటే మన బుర్రంతా యుద్ధనౌకల మీదా, క్రూయిజర్ల మీదా, రష్యాతో రాబోయే యుద్ధం మీదా ఉంటుంది. దూరపు స్థావరాల్లో ఇన్ని టన్నుల ఓడలు ఉండాలన్న లెక్క ఒకటి ఉంటుంది కాబట్టి ఏదో పాత క్రూయిజర్‌ను అక్కడికి పంపి ఆ లెక్క సరిపెట్టేస్తాం. పోనీ ఓపిగ్గా గన్‌బోటే గీద్దామని కూర్చుంటే కుదించిన డిస్ట్రాయర్ తయారవుతుంది, లేదంటే కుదించిన క్రూయిజర్. అసలు గన్‌బోట్లు ఈ రెండూ కావు. అవి ఎందుకు పుట్టాయో తెలిస్తే గానీ ఎలా గీయాలో తెలియదు.

గన్‌బోటు అనే మాట కింద మూడు రకాల ఓడలు కలిసిపోయాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మొదటిది తీరాన్ని కాచే రకం. ఇంగ్లండ్‌లో జార్జ్ రెండెల్ 1867లో స్టాంచ్ అనే చిన్న ఓడను రూపొందించాడు. సుమారు 200 టన్నుల పడవ మీద 9 అంగుళాల ఫిరంగి ఒక్కటే. ఫిరంగిని పక్కలకు తిప్పే ఏర్పాటు లేదు, పడవనే తిప్పి గురి చూడాలి. చైనా ఈ పద్ధతిలో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ చేత 440 టన్నుల బోట్లు కట్టించుకుంది. ఒక్కోదాని మీద ఉన్నది 11 అంగుళాల ఫిరంగి! 1895 ఫిబ్రవరిలో చైనా నౌకా స్థావరం వైహైవై లొంగిపోయినప్పుడు వాటిలో ఆరు జపాన్ చేతికి చిక్కాయి. 1900లో గేము మొదలుపెట్టే ఆటగాడికి ఇవి వారసత్వంగా వచ్చిన సొత్తు. కొత్తగా కట్టదగ్గవి మాత్రం కావు. ఆ రకం కాలం అప్పటికే చెల్లిపోయింది.

రెండోది సముద్రంలో తిరగగలిగే చిన్న గన్‌బోటు. అకాగి ఈ కోవలోది. 1903లో కురే నౌకా కర్మాగారంలో నీళ్ళలోకి దిగిన ఉజి కూడా అంతే. 620 టన్నులు, 13 నాట్ల వేగం, నాలుగు 8 సెంటీమీటర్ల ఫిరంగులు. 1912లో ససెబోలో వచ్చిన సాగా ఇంకాస్త పెద్దది. 785 టన్నులు, ముందు ఒక 12 సెంటీమీటర్ల ఫిరంగి, దానికి తోడు మూడు 8 సెంటీమీటర్లవి. ఈ రెండింటినీ గేములో గీయడం అంత కష్టం కాదు, గేము లెక్కలకు లొంగుతాయి. ఒక్క జాగ్రత్త చాలు. జపాన్ నౌకాదళం కాగితాల్లో 8 సెంటీమీటర్లని రాసుకున్న ఫిరంగి నిజానికి 76.2 మిల్లీమీటర్లది, అంటే బ్రిటిష్ వాళ్ళ 3 అంగుళాల ఫిరంగే. పేరు చూసి 80 మిల్లీమీటర్లు వేసుకుంటే బరువూ తప్పుతుంది, గుండు శక్తీ తప్పుతుంది.

మూడోది నది గన్‌బోటు. నా మనసంతా దీని మీదే.

చైనా, జపాన్ యుద్ధాన్ని ముగిస్తూ 1895 ఏప్రిల్‌లో కుదిరిన షిమొనొసెకి ఒప్పందం గురించి చదివేటప్పుడు తైవాన్ గురించీ, నష్టపరిహారం గురించీ చదివి ముందుకెళ్ళిపోతాం. అందులోనే ఇంకో షరతు ఉంది. షాషి, చోంగ్‌చింగ్, సుజౌ, హాంగ్‌జౌ పట్టణాలను జపాన్ వ్యాపారానికి తెరవాలి. యాంగ్‌ట్సీ నది మీద యిచాంగ్ నుంచి చోంగ్‌చింగ్ దాకా జపాన్ ఆవిరి ఓడలు తిరగవచ్చు. పరాయి దేశపు నదిలో, సముద్రానికి వెయ్యి మైళ్ళకు పైగా లోపల, తన వాళ్ళ ఓడలు తిరిగే హక్కు అది. 1898లో యాంగ్‌ట్సీ ఒడ్డునున్న హాంకౌలో జపాన్ సెటిల్‌మెంటు, అంటే జపాన్ వాళ్ళకు విడిగా ఇచ్చిన పేట వచ్చింది. 1907లో జపాన్ కంపెనీలు కలిసి నిషిన్ కిసెన్ అనే స్టీమర్ల సంస్థగా ఏర్పడ్డాయి. వ్యాపారం వెనకే జెండా, జెండా వెనకే ఫిరంగి. చైనా వాళ్ళ దృష్టిలో ఇది తమ ఇంటి నట్టింట్లో పొరుగువాడు తుపాకి పట్టుకుని నిలబడటమే. గన్‌బోటు డిజైన్ గురించి ఎంత ముచ్చటగా మాట్లాడుకున్నా ఈ సంగతి మరవకూడదని నా అభిప్రాయం. ఈ పడవ ఆకారాన్ని నిర్ణయించింది కూడా అదే.

ఎందుకంటే యాంగ్‌ట్సీ అన్ని కాలాల్లో ఒకేలా ఉండదు. హాంకౌ దగ్గర ఎండాకాలపు వరద మట్టానికీ చలికాలపు మట్టానికీ తేడా దాదాపు 14 మీటర్లు. వేసవిలో సముద్రపు క్రూయిజర్లు కూడా హాంకౌ దాకా వచ్చి లంగరు వేసేవి. చలికాలం వచ్చేసరికి నది కుంచించుకుపోయి ఇసుక తిప్పలు తేలతాయి. యిచాంగ్ దాటితే కొండల మధ్య ఇరుకు దారి, రాళ్ళు, సుడిగుండాలు, ఎదురొచ్చే ప్రవాహం. 1898లో ఆర్చిబాల్డ్ లిటిల్ అనే బ్రిటిష్ వ్యాపారి తన చిన్న ఆవిరి పడవను చోంగ్‌చింగ్ చేర్చినప్పుడు, ఇంజను సరిపోని చోట్ల ఒడ్డు మీద నుంచి చైనా కూలీలు తాళ్ళు కట్టి లాగారు. 1900లో బ్రిటన్ వుడ్‌కాక్, వుడ్‌లార్క్ అనే రెండు నది గన్‌బోట్లను అక్కడిదాకా తీసుకెళ్ళింది. అవి రెండూ థార్నిక్రాఫ్ట్ కంపెనీ కట్టినవే.

జపాన్ కూడా అదే గుమ్మం తొక్కింది. మొదటి నది గన్‌బోటు సుమిదాను థార్నిక్రాఫ్ట్ కంపెనీకే ఆర్డర్ ఇచ్చింది. 126 టన్నుల పడవ. రెండోది ఫుషిమి, 1906లో యారో కంపెనీ కట్టింది, 180 టన్నులు. రెండింటినీ ఇంగ్లండ్‌లో థేమ్స్ నది ఒడ్డున భాగాలుగా చేసి, ఓడలకెక్కించి షాంఘై పంపి, అక్కడ బిగించారు. అంత తక్కువ లోతు పడవ సొంతంగా సగం ప్రపంచం చుట్టి రాలేదు. గేములో ఇదొక చిన్న పాఠం. ఈ పడవకు సముద్రంలో స్థిరత్వం మార్కులు తక్కువ వస్తే అది తప్పు డిజైన్ అని అర్థం కాదు, సముద్రం దాని ఊరు కాదు.

1911లో ససెబోలో తోబా వచ్చింది. జపాన్‌లోనే గీసి, జపాన్‌లోనే కట్టిన మొదటి నది గన్‌బోటు ఇది. 250 టన్నులు, 15 నాట్ల వేగం, రెండు 8 సెంటీమీటర్ల ఫిరంగులు, డ్రాఫ్ట్ సుమారు 80 సెంటీమీటర్లు. డ్రాఫ్ట్ అంటే నీటిమట్టానికి కింద పడవ ఎంత లోతు ఉందన్న కొలత. 80 సెంటీమీటర్లంటే నడుము లోతు కూడా కాదు.

ఒక చిన్న సినేరియో, అంటే గేములో ఆడటానికి నేను రాసుకున్న ఘట్టం కోసం తోబాను గీయబోయి మొదటిసారి ఘోరంగా దెబ్బతిన్నాను. మామూలుగా ఓడ గీసేటప్పుడు ముందు ఫిరంగులు పెడతాం, తరవాత కవచం, తరవాత వేగం. డ్రాఫ్ట్ చివర్లో దానంతటదే తేలుతుంది. నేనూ అలాగే మొదలుపెట్టి ముందువైపు ఒక 12 సెంటీమీటర్ల ఫిరంగి పెట్టాను, గుండ్లు, వాటి గది, డెక్కు కింద దన్ను అన్నీ కలిపి 20 టన్నులు వేసుకున్నాను. లెక్క చూడండి. సుమారు 55 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న పడవ నీటి ఉపరితలం మీద ఆక్రమించే చోటు 370 చదరపు మీటర్ల చిల్లర. అంటే ప్రతి నాలుగు టన్నులకూ ఒక సెంటీమీటరు కిందకి దిగుతుంది. 20 టన్నులకు 5 సెంటీమీటర్లు. ఆ బరువుతో వేగం తగ్గుతుంది కాబట్టి బాయిలరు పెంచాను, బాయిలరు పెంచితే బొగ్గు పెరిగింది, మళ్ళీ ఇంకొన్ని సెంటీమీటర్లు. వేగం కాస్త పెంచాలన్నా ఇంజను శక్తి దాదాపు వేగానికి ఘనం చొప్పున పెరగాలి. చూస్తుండగానే డ్రాఫ్ట్ మీటరు దాటిపోయింది. చలికాలపు యాంగ్‌ట్సీలో ఆ పడవ మొదటి తిప్ప మీదే కూలబడుతుంది.

ఇంకో తప్పు చాలా రోజుల తరవాత గానీ కనిపెట్టలేదు. సముద్రపు గేములు ఉప్పునీటి సాంద్రతతో లెక్క కడతాయి. నదిలో ఉన్నది మంచినీళ్ళు, సాంద్రత రెండున్నర శాతం తక్కువ. అదే బరువుకు పడవ ఇంకో 2 సెంటీమీటర్లు లోపలికి కూర్చుంటుంది. పెద్ద యుద్ధనౌకకు ఇలాంటి తేడా ఎవరికీ పట్టదు. తోబాకి ఆ రెండు సెంటీమీటర్లూ ప్రాణం.

ఇక ప్రొపెల్లర్ సంగతి. 80 సెంటీమీటర్ల డ్రాఫ్ట్ ఉన్న పడవకు మామూలుగా అయితే అంతకంటే చిన్న ప్రొపెల్లరే పెట్టాలి. అంత చిన్నదానితో ఎదురు ప్రవాహాన్ని నెట్టుకుంటూ పోవడం కుదిరే పని కాదు. థార్నిక్రాఫ్ట్, యారో కంపెనీలు చేసిన ఉపాయం సొరంగం. పడవ వెనక భాగంలో అడుగును పైకి వంచి, బోర్లించిన తొట్టిలాంటి సొరంగం చేస్తారు. ప్రొపెల్లర్ పైభాగం బయటి నీటిమట్టానికన్నా ఎత్తులో, ఆ సొరంగంలో ఉంటుంది. పడవ ఆగి ఉన్నప్పుడు పైన గాలి ఉంటుంది. ప్రొపెల్లర్ తిరగడం మొదలెట్టగానే గాలిని బయటికి నెట్టేస్తుంది, నీళ్ళు పైకెగబాకి సొరంగమంతా నిండుతాయి. అలా డ్రాఫ్ట్ కంటే పెద్ద ప్రొపెల్లర్ కూడా పూర్తిగా నీళ్ళలోనే తిరుగుతుంది. గాలి మళ్ళీ చొరబడకుండా సొరంగం వెనక అంచు నీళ్ళలో మునిగి ఉండాలి. పడవ వేగమందుకున్నాక మాత్రం అదే అంచు పోయే నీటికి అడ్డుపడి శక్తిని తినేస్తుంది. దానికి యారో కంపెనీ పైకీ కిందకీ కదిలే రెక్క ఒకటి బిగించింది. ఈ రెక్క గురించి మొదటిసారి చదివిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఒక చిన్న తలుపు ముక్కతో ఒక చిక్కు విడిపోయింది.

గేములో సొరంగం పెట్టుకునే ఏర్పాటు లేకపోతే నేను చేసే పని ఒకటుంది. ఇంజను శక్తిని అసలుకంటే కొంచెం తక్కువ చేసి, డ్రాఫ్ట్‌ను మాత్రం కచ్చితంగా ఉంచుతాను. సొరంగంలో పోయే శక్తి నష్టం అలా లెక్కలోకి వస్తుంది. డ్రాఫ్ట్ ముందు, ఇంజను తరవాత, ఫిరంగులు చిట్టచివర. యుద్ధనౌకకు పూర్తిగా తలకిందుల వరస ఇది. ఫిరంగుల అవసరం కూడా అంతంతే. ఎదురుగా ఉండేది యుద్ధనౌక కాదు, ఒడ్డు మీద రైఫిళ్ళు. సుమిదా మీద రెండే చిన్న ఫిరంగులు, నాలుగు మెషిన్ గన్లు ఉండటం ఆనాటి నౌకాదళపు పిసినారితనం కాదు, పనికి తగ్గ కొలత.

పై భాగం కూడా చూడాలి. అడుగున చోటు లేదు కాబట్టి మనుషుల గదులన్నీ డెక్కు మీదికే వచ్చాయి. చూడటానికి పొగ గొట్టం ఉన్న రెండంతస్తుల ఇల్లు నీళ్ళ మీద తేలుతున్నట్టుంటుంది. ఒడ్డు వరద కట్ట మించి చూడాలన్నా, కాల్చాలన్నా ఆ ఎత్తు పనికొచ్చేది. గాలి వీస్తే మాత్రం అదే ఎత్తు తెరచాపలా పట్టి పడవను పక్కకు తోసేస్తుంది.

అయినా ఈ రెండంతస్తుల ఇంటికి ఒక హోదా ఉండేది. జపాన్ నౌకాదళంలో గన్‌బోట్లు గున్‌కాన్ తరగతిలోకి వచ్చేవి, అంటే అసలైన యుద్ధనౌకలు. యుద్ధనౌకలతో, క్రూయిజర్లతో సమానంగా ముందు భాగాన చక్రవర్తి చామంతి ముద్ర పెట్టుకునే అర్హత ఉన్నవి. వాటికంటే ఎంతో పెద్దవైన, వేగమైన డిస్ట్రాయర్లకు 1905 చివరి నుంచి ఆ హోదా లేదు. 126 టన్నుల సుమిదాకు ఉన్న గౌరవం రెండు వేల టన్నుల డిస్ట్రాయర్‌కు దక్కలేదన్నమాట. కారణం నాకు కనిపించేది ఒక్కటే. హాంకౌ రేవులో లంగరు వేసిన గన్‌బోటే అక్కడ జపాన్ ప్రభుత్వం. టన్నులతో ప్రతిష్ఠ లెక్కకట్టే గేములు ఇక్కడే పొరబడుతున్నాయి.

తోబా, ఫుషిమి పేర్లు కూడా ఊరికే పెట్టినవి కావు. రెండూ క్యోటో దగ్గరి ఊళ్ళు. 1868 జనవరిలో అంతదాకా జపాన్‌ను ఏలిన సేనాధిపతి షోగున్ సైన్యం చక్రవర్తి పక్షం చేతిలో ఓడిపోయిన యుద్ధం అక్కడే జరిగింది. కొత్త ప్రభుత్వానికి పునాది వేసిన ఆ రెండు పేర్లూ పరాయి నదిలో పక్కపక్కనే తిరిగాయి.

1920లలో వచ్చిన సెతా తరగతి గురించి ఒక్క మాట చాలు. యిచాంగ్ పైన కొండల దారి కోసమే 338 టన్నులతో నాలుగు బోట్లు కట్టారు. తోబా నేర్పిన పాఠాల మీద నిలబడ్డ పడవలవి.

నేను రాసుకున్న సినేరియో అంత దూరం పోదు, 1914 ఆగస్టు దగ్గర ఆగుతుంది. ఆ నెల మొదట్లోనే చైనా తటస్థమని ప్రకటించింది. 23న జపాన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. సముద్రంలో తిరగగలిగిన ఉజి, సాగా చైనా తీరంలో జర్మనీ చేతిలో ఉన్న చింగ్‌తావ్ రేవు ముట్టడికి వెళ్ళాయి. నది తప్ప ఇంకో దారి లేని తోబా, ఫుషిమి తటస్థ దేశపు నీళ్ళలో ఉండిపోయాయి కాబట్టి వాటిని షాంఘైలో నిరాయుధం చేసి కట్టేశారు. 1917 ఆగస్టు 14న చైనా కూడా జర్మనీ మీద యుద్ధం ప్రకటించేదాకా అంతే. 80 సెంటీమీటర్ల డ్రాఫ్ట్ కోసం ఆటగాడు వదులుకున్నదేమిటో ఆ మలుపులో తెలుస్తుంది. నా సినేరియోలో ఆ రోజు తోబా పక్కన ఫిరంగుల సంఖ్య సున్నా అవుతుంది, పడవ రేవులో ఉంటుంది, గడియారం మూడేళ్ళు ముందుకు జరుగుతుంది.